చివరి గంపను ఎవరు ఎత్తాలి

కెమెరా సంచులు అమ్మే ఆ దుకాణంలోకి నేను చేతిసంచిలో ఒక స్ప్రింగు కాటా పెట్టుకుని వెళ్లాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ తూకపురాళ్లను సరిచూసే ఒక ప్రయోగశాలలో పనిచేశాను. కిలో అని చెక్కి ఉన్న ఇనుపముక్క నిజంగా కిలో ఉందా అని అనుమానించడమే నా పని. పదవీ విరమణతో పని ఆగింది గాని అనుమానం ఆగలేదు. దుకాణదారు నడివయసు మనిషి, మాటకారి. వీపుకు తగిలించుకునే ఒక నల్లటి సంచి తెచ్చి నా ముందు పెట్టి, "మేడం, ఇది ఏస్కుంటే బరువు సగానికి సగం తగ్గుతది" అన్నాడు. తగ్గిన ఆ సగం ఎక్కడికి పోతుందని అడిగాను. అతడు ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, "గాలిల కలుస్తది మేడం" అని నవ్వాడు. నా కెమెరా, కటకాలు, కెమెరా నిలిపే ముక్కాలి స్టాండు, నీళ్ల సీసా అన్నీ కలిపి నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. వాటిని ఆ సంచిలో సర్ది కాటాకు తగిలిస్తే ఐదు కిలోల ఐదు వందలు తూగింది. తగ్గలేదు, పెరిగింది. ముల్లును అతడికి చూపించాను. "మీలాంటోళ్లు దినానికొకరొస్తే దుకాణం బంద్ పెట్టుకోవాల్సిందే" అన్నాడు గాని కోపం తెచ్చుకోలేదు. కాస్త ఆలోచించి, "ఒక్కటి మాత్రం పక్కా మేడం. ఇంకొకరి సాయం అక్కర లేదు. ఒక్కరే ఏస్కోవచ్చు, ఒక్కరే తీస్కోవచ్చు" అన్నాడు. మూడుసార్లు వేసుకుని మూడుసార్లు తీసి చూశాను. అతడు చెప్పిన వాటన్నింటిలో ఆ ఒక్క మాటే నిజమని తేలింది. ఎందుకో ఆ సంచి కొనకుండానే బయటికి వచ్చేశాను.

నేను మొయినాబాద్‌లో ఒక్కదాన్నే ఉంటాను. తెల్లవారకముందే లేచి, చేవెళ్ల వైపు పోయే మొదటి బస్సులలో ఒకటెక్కి, ఇంకా ప్లాట్లుగా మారని మెట్ట చెల్కలు కనిపించిన చోట దిగి, పిట్టల ఫొటోలు తీస్తూ ఎండెక్కేదాకా తిరగడం నాకు పన్నెండేళ్లుగా అలవాటు. పాలపిట్టలు, పూరేళ్లు, కోతలయ్యాక గింజల కోసం దిగే చిన్నా చితకా పక్షులు. ఆ ఫొటోలను ఎవరూ అడగరు, నేనూ ఎవరికీ చూపించను. అయినా నేను పోని రోజున ఇంట్లో మాట పుట్టదు. ఒకసారి వానల వల్ల రెండు రోజులు బయటికి పోలేదు. సాయంత్రం పాలవాడు గేటు కొడితే జవాబివ్వబోయాను, గొంతు పెగల్లేదు. ఆ రోజుకు అదే నా మొదటి మాట. పన్నెండేళ్లూ ఆ బరువును ఒకే పట్టీతో కుడి భుజానికే వేలాడదీయడం వల్ల ఈ మధ్య ఉంగరపు వేలూ చిటికెన వేలూ మొద్దుబారుతున్నాయి. మెడ దగ్గర నరం నలుగుతోందని డాక్టరమ్మ చెప్పింది. ఆరు వారాల గడువిచ్చింది. ఈలోగా బరువును వేరే పద్ధతిలో మోయడం నేర్చుకోవాలి, లేకపోతే మోయడమే మానుకోవాలి. అందుకే ఆ దుకాణానికి పోవలసి వచ్చింది.

దుకాణాన్ని నమ్మలేక ఇంట్లోనే పరీక్షలు మొదలుపెట్టాను. నాలుగైదు రకాల సంచులు, పట్టీలు తెప్పించి, వాటిలో కెమెరాకు బదులు అంతే బరువుకు తూచిన బియ్యం పొట్లాలు పెట్టి, ఒక్కోదాన్ని నలభై నిమిషాలపాటు మోస్తూ డాబా మీద నడిచాను. ఒంటి భుజపు పట్టీతో శరీరం ఒక పక్కకు ఒరుగుతుంది, దాన్ని నిటారుగా ఉంచడానికి రెండో పక్క కండరాలు లాగుతూనే ఉంటాయి, ఆ లాగుడే అలసట. ఛాతీ మీదుగా అడ్డంగా వేసుకుంటే కొంత నయం, కాని వంగినప్పుడు కెమెరా ముందుకు జారి మోకాలిని కొడుతుంది. నడుముకు కట్టుకునే సంచి భుజాలను విడిచిపెడుతుంది, తుంటిని పట్టుకుంటుంది. వీపు సంచి హాయిగానే ఉంటుంది, కాని పిట్ట కనబడినప్పుడు దాన్ని దించి జిప్పు తీసేసరికి పిట్ట జన్వాడ ఊరే దాటిపోతుంది. చివరిది రెండు భుజాల మీదుగా వచ్చి వీపున కలుసుకునే పట్టీల అమరిక. కెమెరా ఛాతీ ముందు చేతికి అందేలా ఉంటుంది, బరువు రెండు వైపులా సమంగా పడుతుంది. పట్టీలు జారకుండా చేతులతో పట్టుకుని నడిచినా, నలభై నిమిషాల తర్వాత వేళ్లు మొద్దుబారలేదు. నోటుపుస్తకంలో గీసుకున్న పట్టికలో అన్ని గడులలోనూ దానికే మొదటి స్థానం వచ్చింది, ఒక్క గడి తప్ప. దాని కొక్కెం సరిగ్గా రెండు రెక్కల ఎముకల మధ్య పడుతుంది. నా కుడి చేయి అక్కడిదాకా పోదు. అది పెట్టకపోతే పట్టీలు భుజాల మీద నిలవవు. కొక్కెం ముందే పెట్టి తల దూర్చబోతే కుడి చేయి అంత ఎత్తుకు లేవలేదు. గోడకు ఆనుకుని చూశాను, తలుపు గొళ్లేనికి తగిలించి వెనక్కి జరిగి చూశాను, మంచం మీద దాన్ని పరిచి దాని మీద పడుకుని చూశాను. చివరికి ఆ గడిలో "రెండో మనిషి కావాలి" అని రాసి పెన్ను మూత పెట్టాను. మూత పెట్టాక గుర్తొచ్చింది. ఆ వాక్యాన్నే చాలా ఏళ్ల కిందట, డిగ్రీలో చేరిన కొత్తలో, భౌతికశాస్త్రం నోటుపుస్తకం చివరి పేజీలో రాశాను. అప్పుడు బరువు నాది కాదు, అవ్వ అని పిలిచే మా అమ్మది.

మా ఊరు చేవెళ్లకు నడిచిపోగలిగినంత దూరంలో ఉండేది. మాకు రోడ్డుకు దూరంగా ఒక చిన్న చెల్క, దాని పక్కన సన్నగా ఊరే ఊటబావి. అవ్వ అందులో టమాట, వంకాయ, కొత్తిమీర పండించేది. మా నాన్న, బాపు, రోడ్డు పనిలో మేస్త్రీ. పొద్దు పొడవకముందే రొట్టె మూట కట్టుకుని వెళ్లిపోయేవాడు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ విడదీసి చెప్పగలను. తడిపిన గోనెసంచుల వాసన, జొన్నరొట్టె కాలిన చోట వచ్చే వాసన, టమాట చెట్టును ముట్టుకున్న చేతులకు పట్టే ఆకుపచ్చటి ఘాటు. ఆ చివరిది సబ్బుకు లొంగదు. అవ్వ రాత్రి నా తల దువ్వినా అదే వాసన, ఆదివారం చర్చిలో పాటల పుస్తకం నా చేతికి అందించినా అదే వాసన. గంప తీసుకుని బయలుదేరే ముందు ఆమె గడపలో నిలబడి కళ్లు మూసుకుని రెండు ముక్కల ప్రార్థన చేసేది. ఏం అడిగావని నేనొకసారి అడిగితే, "మార్కెట్ల తూకం సక్కగ ఉండాలని" అంది. నేను తర్వాత చేపట్టిన ఉద్యోగానికి ఆ ప్రార్థనకు సంబంధం ఉందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఊరి నుంచి చేవెళ్ల మార్కెట్టుకు కూరగాయలు మోసేవాళ్లు నలుగురు. అవ్వ, మేము చిన్నమ్మ అని పిలిచే ఎస్తేరమ్మ, ఇంకో ఇద్దరు తోడికోడళ్లు. గంపలను చెల్కల నుంచి సగం సగం నింపి తెచ్చి, ఊరి ముందరి కూడలిలో నిండుగా సర్దుకునేవారు. నిండిన గంప ఇరవై కిలోలకు పైనే ఉండేది, మార్కెట్టు కాటా మీద నేనే చూశాను. అంత బరువును నెత్తిన పెట్టుకున్నాక నడవడం కష్టం కాదు. మెత్తటి చుట్టబట్ట నెత్తి మీద ఉంటే బరువు నేరుగా వెన్నెముక మీదుగా దిగుతుంది, ఏ కండరమూ లాగనక్కరలేదు. ఈనాటి ఏ కంపెనీ సంచీ చేయలేని పని అది. కష్టమంతా ఆ గంపను నేల మీది నుంచి నెత్తి మీదికి చేర్చడంలోనే ఉంది. అది ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకని ఒకరికొకరు ఎత్తుకునేవారు. ఎవరూ ఎవరికీ మేలు చేస్తున్నట్టు అనుకునేవారు కాదు. నిండు గంప పక్కన నిలబడి ఉన్న ఆడమనిషిని చూస్తే, దారిన పోయే ఎవరైనా సరే, ఆగి ఓ చేయి వేసి పోవలసిందే. అడగడంలో చిన్నతనం లేదు, ఎత్తడంలో గొప్పతనం లేదు.

కాని నలుగురు మనుషులు, నాలుగు గంపలు ఉన్నప్పుడు ఒక చిక్కు వస్తుంది. మొదటి ఇద్దరికీ ఎత్తడానికి చెరో పక్క మనిషి దొరుకుతారు, మూడో ఆమెకు ఒక్కరు మిగులుతారు, నాలుగో ఆమెకు ఎవరూ మిగలరు. నెత్తిన బరువున్న మనిషి వంగి ఇంకొకరికి ఎత్తలేదు. ఆ నాలుగో మనిషి ఎప్పుడూ మా అవ్వే. ఆమె పొడుగు మనిషి, పెద్ద అంగలు వేసి వెనకనుంచి అందుకోగలదు గనుక ఆ వంతు ఆమెకు పడింది. కూడలిలో ఆ ఎత్తుకోవడాలు ముగిసేలోగా నడిచే మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

"ఓ రాహేలూ, గంపల టమాటలున్నయా, బండలున్నయా?" అనేది ఎస్తేరు చిన్నమ్మ, అవ్వ గంప అంచు పట్టి చూస్తూ.

"నీ మొగుని తలకాయ ఉన్నది. మెల్లగ ముట్టు, లేస్తడు."

"లేస్తె మంచిదే గదనే, పొద్దెక్కినా లేస్తలేడు ఇంట్ల."

నలుగురూ విరగబడి నవ్వేవారు. నవ్వితే గంప జారుతుందని ఒకరినొకరు తిట్టుకునేవారు. తర్వాత ముగ్గురూ కదిలేవారు, ఎందుకంటే నెత్తిన బరువుతో నిలబడటం నడవడం కన్నా కష్టం. అవ్వ చుట్టబట్ట చేతిలో పట్టుకుని కూడలిలో నిలబడేది. గొర్లు తోలుకుపోయే వాళ్లో, సైకిలు మీద పోయే పంతులో ఎవరో ఒకరు ఆగేవారు. ఒకసారి మా పాస్టరు అయ్యగారు తెల్లటి బట్టలతో వస్తూ ఆగి, పాపం చేతకాకపోయినా ఎత్తబోయి, ఒక పండిన టమాటను మోచేతి కింద చిదిపేశాడు. ఆ ఆదివారం ఆయన చెయ్యెత్తి దీవిస్తున్నప్పుడు ఆ మరక ఇంకా ఉంది. అవ్వ తల వంచుకుని భుజాలు కుదుపుతూ నవ్వును దిగమింగడం పక్కన కూర్చున్న నాకు తెలిసింది.

నేను హైదరాబాదులో హాస్టలులో చేరిన తర్వాతే ఇదంతా నాకు కష్టంగా కనిపించడం మొదలైంది. ఒక సెలవులో ఆమె వెంట కూడలికి పోయాను. ముగ్గురూ వెళ్లిపోయారు. ఆ రోజు నేనెత్తుతానంటే, "నీ నడుం పట్టుకుంటది, సదువుకునే పిల్లవు" అని నన్ను ముట్టనివ్వలేదు. మోటారు సైకిలు మీద పోతున్న ఒకాయన్ని ఆపబోయింది. అతడు ఆగకుండా పోయాడు. ఎండ పైకి వచ్చింది, గంప అంచున కొత్తిమీర తల వాల్చింది. మా అవ్వ రోడ్డు పక్కన నిలబడి ముక్కూ మొహం తెలియనివాళ్లను అడుక్కుంటోందని నాకు అనిపించింది. ఆమెకు అలా అనిపించిందా అని నేను అడగలేదు. పరిశీలన చేశాను గాని పరిశీలించబడుతున్న మనిషిని ప్రశ్నించలేదు. ఆ రాత్రే నోటుపుస్తకం చివరి పేజీలో గంపనూ మనిషినీ గీసి, పక్కన "రెండో మనిషి కావాలి" అని రాసి, దాని కింద "ఎందుకు?" అని రాశాను.

జవాబు తేలికగానే దొరికింది. గంపను నేల మీద నింపి పైకెత్తే బదులు, మొదటే పైన పెట్టి నింపితే సరి. "అవ్వా, ఇగ నువ్వు ఎవ్వలనీ అడుగుడు లేదు" అన్నాను.

"అడుగుతె ఏమైతదే? నోరు అరుగుతదా?"

"వాళ్లు రాకపోతే కొత్తిమీర ఎండిపోతున్నది గదా."

"ఎండితే నీళ్లు జల్లుత. గంత ఫికర్ ఎందుకు నీకు?"

నేను వినలేదు. ఆమెను దర్వాజకు ఆనించి నిలబెట్టి నడినెత్తి ఎత్తు దగ్గర సుద్దముక్కతో గీత గీశాను. చుట్టబట్ట మందం కలిపాను, గంప కిందికి దూరేటప్పుడు మోకాలు వంగే మేర తీసివేశాను. బాపు పని దగ్గరి నుంచి నిలువుగా పాతే రెండు రాతి కడీలు, ఒక షాబాద్ బండ తెచ్చాడు. ఇద్దరం కలిసి చెల్క గట్టున కడీలు పాతి వాటి మీద బండ పరిచాం. మర్నాడు అవ్వ బండ మీద గంప పెట్టి నింపింది, కింద నిలబడి రెండు చేతులతో అంచు పట్టి ముందుకు లాగింది. గంప ఆమె నెత్తి మీదికి జారి కూర్చుంది. ఎవరూ ఎత్తలేదు, ఎవరినీ అడగలేదు. అవ్వ గంపతో సహా నా వైపు తిరిగి, "అయ్యో, గింతేనా!" అంది. నేను చేసిన ప్రయోగాలలో మొదటిసారికే పూర్తిగా ఫలించినది అదొక్కటే. ఇక కూడలికి పోయే పని కూడా లేదు, చెల్క గట్టు నుంచి పెద్దరోడ్డుకు అడ్డదారి ఉంది. అడుగులు లెక్కపెట్టి చూశాను, పాత దారికన్నా పొట్టిది.

తర్వాతి సెలవులలో ఇంటికి వచ్చినప్పుడల్లా లెక్క సరిచూసుకున్నాను. కొత్తిమీర వాడలేదు, అవ్వ మార్కెట్టుకు అందరికన్నా ముందు చేరుతోంది. నేను కొలిచింది అంతవరకే. కొలవనివి కూడా కంటికి కనబడ్డాయి, అప్పుడు వాటిని పట్టించుకోలేదు. పొద్దున్నే కూడలి నుంచి మిగతా ముగ్గురి నవ్వులు దూరంగా వినిపించేవి, అవ్వ గట్టు మీద ఒక్కతే గంప నింపుకునేది. చర్చిలో ఎస్తేరు చిన్నమ్మ రెండు చాపల అవతల కూర్చునేది. ఒకసారి నేను నిద్ర లేచి చెల్క దగ్గరికి వస్తే అవ్వ ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపించింది. పోయి చూస్తే, "నువ్వు జర పక్కకు జరుగు, నీకంటె పెద్దది ఉన్నది" అని గంపలోని వంకాయకు చెబుతోంది. నాకు నవ్వు వచ్చింది. హాస్టలులో స్నేహితులకు కూడా చెప్పి నవ్వించాను.

అవ్వ పోయి చాలా కాలమైంది. డాబా మీద ఆ పట్టీల కొక్కెంతో కుస్తీ పడిన రోజున, గొళ్లేనికి తగిలించుకున్న వీపుతో నిలబడి ఉండగా, ఆ వంకాయ మాటలు మళ్లీ వినిపించాయి. ఈసారి నవ్వు రాలేదు. మా అవ్వను నేనే ఒంటరిదాన్ని చేశానా? ఈ ప్రశ్నను కూడా ఒక వాదనగానే తీసుకుని పరీక్షించడానికి ప్రయత్నించాను. వేరే కారణాలు లేకపోలేదు. ఆ ఒకటి రెండేళ్లలోనే మా రోడ్డు మీదికి ఆటోలు వచ్చాయి. తోడికోడళ్లిద్దరూ మొయినాబాద్ వైపు పూలతోటలలో కూలికి కుదిరారు. గంపలు మోయడమే తగ్గింది. బండ కట్టకపోయినా ఆ కూడలి ఖాళీ అయ్యేదే. కారణాలు ఇలా కలగలిసిపోయినప్పుడు ఒకదాని వంతు ఎంతో తేల్చలేమని ఉద్యోగంలో ఎన్ని నివేదికల కింద రాశానో. అయితే అది పరికరాలు తప్ప సాక్షులు లేని చోట రాసే మాట. ఇక్కడ ఇంకా ఒక సాక్షి మిగిలి ఉంది. ఎస్తేరు చిన్నమ్మ చేవెళ్లలో మనవడి ఇంట్లో ఉంటోంది. మర్నాడు ఆ కొత్త పట్టీలనే భుజాలకు వేసుకుని, కెమెరా తగిలించి, వెనక కొక్కెం పెట్టకుండానే బస్సెక్కాను. దారిపొడుగునా పట్టీలు జారకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

ఆ ఇల్లు మార్కెట్టు వెనక సందులో ఉంది. చిన్నమ్మకు ఎనభై దాటాయి, కంటి ఆపరేషను అయింది. వరండాలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. నన్ను గొంతును బట్టి గుర్తుపట్టింది.

"రాహేలు బిడ్డ కరుణవు గదా? ఎన్నొద్దులకొస్తివే! ఏంది, మెడల గా డబ్బా? ఫొటోలు దించుతున్నవా ముసలితనాన?"

"పిట్టలయి దించుత చిన్నమ్మా."

"పిట్టలయా! మనుషులు దొరుకలేదా నీకు?"

చాయ్ వచ్చింది. మనవడు, అతని ఉద్యోగం, మోకాళ్లు, కొత్త దవాఖాన అన్నీ అయ్యాక అడిగాను. "చిన్నమ్మా, నేను చెల్క కాడ బండ కట్టిచ్చినంక మీరు అవ్వను ఇడిసిపెట్టిండ్రా?"

ఆమె చేతిలోని చిక్కుడుకాయను సగంలో ఆపింది. "మేమెందుకు ఇడిసిపెడుతమే? రెండు దినాలు కూడలి కాడ చూసినం. రాలే. మూడోనాడు నేనే పోయిన మీ చెల్కకు. 'దా రాహేలూ, నేనెత్తుత, అందరం కలిసి పోదం' అన్న. వద్దన్నది."

"ఎందుకు?"

"ఎందుకంటె ఏం చెప్పాలె! 'నా బిడ్డ లెక్కలేసి కట్టిచ్చింది. నువ్వెత్తితె దాని లెక్క తప్పైతది' అన్నది."

వరండా ముందు నుంచి ఒక ఆటో పోయింది. అది పోయేదాకా ఆగి, "మీకు కోపమొచ్చిందా?" అని అడిగాను.

"రాదా మరి? సదువుకున్న బిడ్డ ఉంటె మేం అక్కర లేదా అనుకున్న. నెలదాక మాట్లాడలే. ఎనుక మాట్లాడినం గని, గా పొద్దుగాల ముచ్చట పోయింది. అది మల్ల రాలే."

"అవ్వ ఎన్నడన్న బాధపడ్డదా?"

చిన్నమ్మ సగంలో ఆపిన కాయను పక్కన పెట్టింది. జ్ఞాపకంలో లేనిదాన్ని నా కోసం తయారు చేయకుండా నిజంగా వెతుకుతోందని ఆమె ముఖం చూస్తే అనిపించింది. "ఒకపారి అన్నది. మార్కెట్ల నా పక్కకొచ్చి కూసొని, 'గంప తేలికైందే ఎస్తేరూ, తొవ్వ పొడుగైంది' అన్నది. ఇంక ఎన్నడూ అనలే. మా బిడ్డ గిట్ల చేసిచ్చింది, గట్ల చేసిచ్చిందని ఊరంత చెప్పుకునేది."

ఆ దారి పొట్టిదని నాకు తెలుసు, అడుగులు లెక్కపెట్టింది నేనే. వచ్చిన పని అయిపోయింది. బండ అవ్వను ఒంటరిని చేయలేదు, ఆటోలూ చేయలేదు. నా లెక్క తప్పు కాకూడదని ఆమే రోజూ ఒక్కతే నడిచింది. ఏ నిందను మోయడానికి సిద్ధపడి వచ్చానో ఆ నింద నాకు దక్కలేదు. దాని బదులు దక్కిన దాన్ని ఏ పట్టీతో ఎక్కడ వేలాడదీసుకోవాలో తెలియలేదు.

లేచి కెమెరా సర్దుకుంటుంటే చిన్నమ్మ చేయి నా వీపుకు తగిలింది. "ఎన్క ఏందో ఏలాడుతున్నదే?"

"కొక్కెం చిన్నమ్మా. నా చేయి పోదు అక్కడికి."

"మరి చెప్పవేందే! తిరుగు ఇటు." కుర్చీ చేతిని పట్టుకుని లేచి నా వెనక నిలబడింది. కళ్లు సరిగా ఆనవు, వేళ్లు వణుకుతున్నాయి. తడుముకుంటూ, "గిదా? గిది కాదా?" అని గొణుక్కుంటూ, తూలిపోకుండా తన బరువు సగం నా మీదే వేసి, చాలాసేపటికి కొక్కెం పెట్టింది. ఒక పట్టీ మెలిపడిందని, బరువంతా నా నొప్పి భుజం మీదికే దిగిందని నాకు వెంటనే తెలిసింది.

"తేలికైందా?" అని అడిగింది.

"అయ్యింది చిన్నమ్మా" అన్నాను.

మొయినాబాద్‌లో దిగేసరికి సాయంత్రమైంది, వేళ్లు పూర్తిగా మొద్దుబారాయి. మా వీధిలో ఇప్పుడు రెండు వైపులా ఎత్తయిన గోడలు, గోడలకు కెమెరాలు. నిండు గంపతో ఎవరైనా ఇక్కడ నిలబడితే పలకరించేది వాచ్‌మనే, అదీ ఎవరు కావాలని. ఇంట్లోకి పోయి అద్దం ముందు నిలబడ్డాను. ముందరి పట్టీలను వదులు చేసి కిందికి జార్చితే వెనక కొక్కెం తీయకుండానే బయటపడవచ్చు, దానికి ఎవరూ అక్కరలేదు. చేయి పట్టీ దాకా పోయింది. అక్కడే ఆగింది. పక్కింట్లో కోస్తా నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంటుంది, భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఆరేళ్లుగా వాళ్ల కారు చప్పుడు తెలుసు, ఆమె పేరు తెలియదు. కెమెరాను మెడలోనే ఉంచుకుని పోయి వాళ్ల గంట నొక్కాను.

ఆమె చెవిలో ఫోను తీగతోనే తలుపు తీసింది. నన్ను చూసి కంగారు పడి, "ఏమైందండీ?" అంది.

"ఏమీ కాలేదమ్మా. నా వీపు మీద ఒక కొక్కెం ఉంది. కాస్త తీసి పెడతారా?"

ఆమె చెవిలోని తీగ తీసేసి, నన్ను లోపలికి పిలిచి, వెలుతురు కోసం వాకిలి వైపు తిప్పి నిలబెట్టింది. చల్లటి వేళ్లు మెడ కింద తగిలాయి. "అయ్యో, ఎవరండీ ఇలా మెలితిప్పి పెట్టారు?"

"మా చిన్నమ్మ."

"గట్టిగా పెట్టేశారావిడ" అని నవ్వి, గోరుతో కొక్కేన్ని పెకలించబోయింది. అది రాలేదు. "కదలకండి ఆంటీ. బాగా బిగుసుకుపోయింది, కాస్త టైం పట్టేలా ఉంది."

"పట్టనీ అమ్మా" అన్నాను.